నట్టు పట్టేవాడు

తోమాకి బండంటే పెళ్లాం తర్వాత పెళ్లాం. పెళ్లాం రెబ్కాని అడిగితే ఆ వరస తిరగేసి చెబుతుంది. లారీ క్లీనరుగా పదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని కొనుక్కున్న పాత పికప్పు అది. మిరపకోతల కాలంలో పల్లెల నుంచి గుంటూరు యార్డుకి బస్తాలు తోలితేనే ఆ ఇల్లు గడిచేది.

కిందటేడు అకాలవాన ఆ గడుపుకోవడం మీదే దెబ్బకొట్టింది. నడిరోడ్డు మీద గాలికి టార్పాలిను పట్టా లేచిపోయి కాయంతా తడిసింది. ఎర్రటి కాయ నల్లబడితే రైతు ఊరుకుంటాడా? ఈసారి కూడా తడిపితే ఇక నీ బండికి సరుకెక్కించం అన్నారు. అందుకని తోమా బండి వెనక తొట్టికి గట్టి మూత పెట్టించాలని పంతం పట్టాడు.

చెక్క మూత అనుకున్నాడు. వానకి ఉబ్బుతుందన్నారు. కొత్త రేకుతో చేయిస్తే ఈస్టరు పండక్కి ముందు అవదన్నారు. ఆఖరికి పాత ఇనుము అమ్మే అల్లాబక్షు కొట్టు వెనకాల, గోడకి చేరేసిన ఇనుప మూత కనబడింది. కొలత తీస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఈ బండి కోసమే కోసినట్టుంది.

"ఈ సొట్టలేంటయ్యా?" అంది పక్కనే ఉన్న రెబ్కా.

మూత మధ్యలో అక్కడక్కడా రేకు పైకి ఉబ్బింది. లోపల్నుంచి ఎవరో భుజంతో పొడిచినట్టుంది.

"బస్తాలు ఎక్కువ దట్టిస్తే అంతేనమ్మా," అన్నాడు అల్లాబక్షు, ఆమె మొహంలోకి చూడకుండా.

రెబ్కాకి అది నచ్చలేదు. పైగా బిగించే రోజు ఏసుని సిలువేసిన మంచి శుక్రవారం పడింది. మర్నాడు పొద్దున్నే లోడు ఉంది, మబ్బు పట్టింది, ఇంకో రోజు లేదు.

"ఇయ్యాల మేకు కొట్టకూడదంటారు."

"మేకు కాదే, బోల్టు. బోల్టుకి పట్టింపు లేదు."

"నీకన్నీ ఎకసెక్కాలే. సిలువ మీది ఏడు మాటల్లో కనీసం మూడో మాటకన్నా గుళ్లోకి రా," అని తెల్లచీర సర్దుకుని పోయింది రెబ్కా.

పెదకాకాని రోడ్డు పక్కన మెకానిక్ గౌస్ బాషా షెడ్డు. ఒక పక్క రెబ్కా వెళ్లే ఏసుగుడి, ఇంకో పక్క మసీదు, రెండు మైకులూ అక్కడికి వినపడతాయి. ఆ రోజు మధ్యాహ్నం మబ్బుల కింద ఉక్కబోసి, రోడ్డు మీద కాకి కూడా లేదు.

మూత బిగించడం ఇద్దరి పని. ఒకడు బయట బోల్టు తిప్పాలి, ఒకడు తొట్టిలో పడుకుని నట్టు పట్టాలి. లోపల పట్టేవాడు లేకపోతే బోల్టూ నట్టూ కలిసి ఊరికే తిరుగుతాయి. తోమా సన్నగా ఉంటాడని అతనే నట్లు జేబులో పోసుకుని పానాతో లోపల దూరాడు. మూత దించితే లోపల కటిక చీకటి. ఏళ్ల తరబడి పేరుకున్న మిరప దుమ్ము ముక్కులో మంట పెట్టింది.

బయట బాషా రేకు మీద టక్కుమని ఒకటి కొడతాడు. పట్టుకున్నావా అని దాని అర్థం. తోమా టక్కుమని కొట్టి, వెంటనే పానాతో రేకు మీద ఈడుస్తాడు. టక్... కిర్ర్. పట్టుకున్నా అని. క్లీనరుగా ఉన్నప్పటి అలవాటు అది, ఆ ఈడుపు ఇంకెవరూ ఈడవరు.

ముందువైపు మడతబందులు రెండూ బిగిశాయి. బాషా మూత ఎత్తి కర్ర ఆనించాడు.

"తోమన్నా, జుమ్మాకి టైమైంది. మసీదు ముసలాయన మంచాన పడ్డాడుగా, అజాన్ నేనే ఇవ్వాలి. నువ్వు దిగు, వచ్చాక గడియ పెడదాం."

"పోయిరారా. నేనిక్కడ దుమ్ము తుడిచి దిగుతా."

బాషా చెప్పుల చప్పుడు దూరమైంది. గుడి మైకులో పాస్టరుగారు రెండో మాట మొదలుపెట్టారు. తోమా బోర్లా పడుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. వెలుగు మెల్లిగా సన్నగిల్లింది. తల తిప్పి చూసేసరికి మూత దిగిపోయింది. కర్ర పడ్డ చప్పుడు లేదు. ఎవరో చేత్తో పట్టుకుని దించినంత నెమ్మదిగా దిగింది.

"ఇంకా పోలేదా బాషా?"

టక్.

ఎడం పక్క గోడలోంచి బోల్టు మొన వేలికి తగిలింది. అలవాటుపడ్డ చెయ్యి అడగదు కదా. జేబులోంచి నట్టు తీసి ఎక్కించాడు. టక్... కిర్ర్. బోల్టు తిరిగింది, బిగిసింది. కుడి పక్కన ఇంకోటి. తర్వాత కాళ్ల దగ్గర ఇంకోటి. తోమా పాక్కుంటూ వెళ్లి అన్నీ పట్టాడు. జేబు ఖాళీ అయ్యాకగాని బుర్ర వెలగలేదు.

పక్కలకి బోల్టులెందుకు? పక్కలు కూడా బిగిస్తే మూత లేచేదెలా?

"ఒరేయ్, పక్కలకెందుకురా? తియ్యి!"

సరిగ్గా అప్పుడే మసీదు మైకు గరగరలాడింది. అజాన్ మొదలైంది. స్పష్టంగా, నిండుగా.

బాషా గొంతు.

బాషా అక్కడుంటే... ఇక్కడ ఇంతసేపూ తిప్పింది ఎవరు?

భుజంతో మూతని పొడిచాడు. కదల్లేదు. మళ్లీ పొడిచాడు. ఆ సొట్టలు ఎలా పడ్డాయో అప్పుడు అర్థమైంది. కొరివితో తల గోక్కున్నానురా దేవుడా అని ఏడుపొచ్చింది. పానా నట్టుకి తగిలించి విప్పబోయాడు. నట్టూ బోల్టూ కలిసి తిరిగాయి. బయట బోల్టు తల పట్టేవాడు లేడు.

"రెబ్కా!" అని అరిచాడు. ఘాటుకి గొంతు పూడిపోయి దగ్గు తెర వచ్చింది. గుళ్లో పాటకి ఊరంతా గొంతు కలిపింది. ఎవరికి వినపడుతుంది?

ఎంతసేపైందో తెలియదు. మైకులో ఐదో మాట, దాహపు మాట నడుస్తోంది. నాలుక అట్టకట్టింది. గాలి లేదు. రెబ్కాని మళ్లీ చూస్తానా అన్న ఒక్క ఆలోచనే మిగిలింది.

టక్.

ఈసారి చప్పుడు బయట నుంచి రాలేదు.

కాళ్ల దగ్గర... తొట్టి లోపల.

తోమా ఊపిరి బిగబట్టాడు. ఊపిరి మాత్రం వినపడుతోంది. తడిసిన గోనె వాసన. అది పాక్కుంటూ మోకాళ్ల దాకా వచ్చింది. పొట్ట దాకా వచ్చింది. చెవి పక్కన చిన్నగా...

"పట్టుకున్నావా?"

పళ్లు కరుచుకున్నాడు. మంచులాంటి వేళ్లు అతని వేళ్లని ఒక్కొక్కటే విప్పి, పానా తీసుకున్నాయి.

భళ్లున వెలుగు.

బాషా ఒంటిచేత్తో మూత ఎత్తి నిలబడ్డాడు. పక్కన రెబ్కా. గుళ్లో మగాళ్ల చాపల మీద మొగుడు కనబడక, ఐదో మాట సగంలో లేచి వచ్చేసింది. ఇద్దరూ కలిసి అతన్ని కిందికి లాగారు.

"పక్కలకి బోల్టులు..." అన్నాడు తోమా.

బాషా తొట్టి చుట్టూ తిరిగి చూశాడు. బోల్టులు లేవు. అసలు చిల్లులే లేవు. "ఘాటు తలకెక్కిందన్నా," అన్నాడు, ఆ దుమ్ముకి తనూ దగ్గుతూ. రెబ్కా కూడా కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. తోమా జేబు తడుముకున్నాడు. ఒక్క నట్టు లేదు.

"ఆ మూత ఇప్పుడే పీకెయ్ తమ్ముడూ. తడిస్తే తడవనీ," అంది రెబ్కా, తోమా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"లోపల నట్టు పట్టేవాడు కావాలమ్మా."

"ఎవరూ దిగొద్దు!"

"అయితే బోల్టు తల నరకాల్సిందే. ఊరికే తిరుగుతుందంతే, చూడు." బాషా మూత దించి, ముందువైపు బోల్టుకి పానా తగిలించి, అలవాటుకొద్దీ రేకు మీద టక్కుమని ఒకటి కొట్టి తిప్పాడు.

బోల్టు ఊరికే తిరగలేదు. బిగువుగా, ఒక్కో మర చొప్పున, విప్పుకుంటూ పైకి వస్తోంది.

బాషా చెయ్యి ఆగిపోయింది.

లోపల్నుంచి టక్... కిర్ర్.

తర్వాత దగ్గు. ఘాటుకి గొంతు పూడిపోయిన దగ్గు. అది తోమా దగ్గు.

బయట నిలబడ్డ తోమాకి అప్పుడు తట్టింది, కిందికి దిగినప్పటి నుంచి తను ఒక్కసారి కూడా దగ్గలేదని. ముక్కులో మంట లేదు. దాహం లేదు. రెబ్కా వైపు తిరిగాడు. ఆమె తన చేతిలో మంచులా ఉన్న అతని వేళ్లని చూస్తోంది. మెల్లిగా తన చెయ్యి విడిపించుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, మూతకి చెవి ఆనించింది.

"ఏవయ్యా," అంది లోపలికి. "ఉన్నావా?"