మడ అడవిలో ఆగిన పడవ

బొగ్గు గనిలో ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరుతూ వేణుమాధవ్ బూట్లు తొడుక్కుంటుంటే, కూతురు సహస్ర పెద్ద సంచీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. టిఫిన్ డబ్బా సర్దుతున్న భార్య రమ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఏంది బిడ్డా ఇది?"

"పగటి బండికి కాకినాడ పోతున్న నాన్నా. చెప్పిన గదా, పడవ యాత్ర. కోరంగి నుంచి పులికాట్ దాక తీరం పొంటి పోతం."

గోదావరిఖనిలో పుట్టి పెరిగిన సహస్ర ఎమ్మెస్సీ బాటనీ చదువుతోంది. తీరంలో మడ అడవులు, చిత్తడి నేలలు మాయమైపోతున్నాయని మత్స్యకారుల ఊళ్లలో చెప్పడానికి ఆమె స్నేహితులంతా కలిసి వేసుకున్న ప్రయాణమది. వేణుమాధవ్ మొదట్లోనే వద్దన్నాడు. దాంతో ఆ సంగతి ముగిసిందనుకున్నాడు.

"సముద్రం ఎన్నడన్న చూసినవా నువ్వు?"

"బొగ్గుబాయి చూసినంకనే పనికి ఒప్పుకున్నవా నువ్వు?"

"నేను కడుపు కోసం దిగిన. నీకేం తక్కువైంది?"

"రొయ్యల చెరువులకని మడచెట్లు నరుకుతున్నరు. నీళ్లు నిలిచే జాగలల్ల మట్టి పోస్తున్నరు. రేపు తుఫాన్ వస్తే ఊర్లకు అడ్డం ఏముంటది? ఎవరో ఒకరు పోయి చెప్పాలె గదా!"

"ఎవరో ఒకరు పోనీ. నా బిడ్డనే పోవాల్నా?"

సహస్ర తల వంచుకుంది గానీ సంచీ మాత్రం తియ్యలేదు.

"పోతే నాకు ఫోన్ చెయ్యకు," అని వేణుమాధవ్ బండి స్టార్ట్ చేశాడు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో పిల్ల లేదు.

ఆ తర్వాత సహస్ర ఫోన్లన్నీ తల్లికే వచ్చేవి. రమ మాట్లాడుతుంటే వేణుమాధవ్ టీవీ సౌండు తగ్గించేవాడు. ఏ ఊళ్లో దిగారో, ఎవరు అన్నం పెట్టారో అన్నీ వినేవాడు. ఒక్కటీ అడిగేవాడు కాదు.

ఒక ఆదివారం పొద్దున సముద్రంలో వాయుగుండమని వార్తల్లో చెప్పారు. రమ ఫోన్ చేసింది, కలవలేదు. మాట మరిచి వేణుమాధవ్ కూడా చేశాడు. స్విచ్ఛాఫ్. మళ్లీ మళ్లీ చేశాడు. వాకిట్లోకి పోయాడు, లోపలికొచ్చాడు, పెట్టిన అన్నం పెట్టినట్టే వదిలేశాడు. రమ చేట ముందేసుకుని బియ్యం ఏరుతుంటే అతనికి ఒళ్లు మండింది.

"నువ్వే మెత్తగుండి పంపినవ్! జరంతన్న ఫికరున్నదా నీకు?"

రమ చేట పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఫికర్ నాకు కొత్తదా? పెండ్లయి వచ్చిన కాడికెళ్లి నువ్వు బాయిల దిగిన ప్రతి షిఫ్టూ గిట్లనే గడిపిన. జర ఆలస్యమైతే చాలు, గల్లీల ఎవరి బండి సప్పుడైనా నీదే అనుకునేదాన్ని. చేతిల ఏదో ఒక పని లేకుంటే పానం నిలవది. అందుకే ఏరుతున్న."

"ఎన్నడూ చెప్పలేదు?"

"చెప్తే దిగకుండ ఉంటుంటివా?"

వేణుమాధవ్ ఆమె పక్కన కూలబడ్డాడు. ఇన్నేళ్లూ షిఫ్టు ముగిస్తే పని అయిపోయిందనుకున్నాడు. ఇంట్లో కూడా ఒక షిఫ్టు నడుస్తోందని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు అతని ఫోన్ మోగింది.

"నాన్నా... చెయ్యొద్దన్నవ్ గానీ చేసిన. ఇక్కడ ఒకాయన ఫోనిచ్చిండు. గాలి లేవంగనే మా పడవాయన పడవను మడ అడవిల కాలువలకు మలిపిండు. బయట అలలు ఇంతెత్తు లేస్తున్నయ్. చెట్లే ఆపినయ్ నాన్నా. అందరం మంచిగున్నం." పిల్ల గొంతు ఆగి ఆగి వచ్చింది. "ఇగ వచ్చెయ్యమంటవా?"

వచ్చెయ్యమనే అనబోయాడు. రమ కళ్లు నిండి ఉన్నాయి. గనిలోకి దిగొద్దని ఆమె తనతో ఒక్కనాడూ అనలేదు.

"గాలి తగ్గినంకనే కదలుండ్రి. పని సగంల ఇడిసిపెట్టి రాకు బిడ్డా. గానీ రోజూ ఫోన్ చెయ్యి. నాకు గూడ చెయ్యి."

ఫోన్ భార్య చేతికిచ్చాడు.

మర్నాడు షిఫ్టు దిగి గనిలోంచి పైకి వచ్చాక వేణుమాధవ్ స్నానానికి పోలేదు. ముందు ఇంటికి ఫోన్ చేశాడు.

"హలో? ఏమైంది? యాడున్నవ్?" రమ గాభరాగా అడిగింది. గని దగ్గర్నుంచి అతను ఫోన్ చెయ్యడం ఇదే మొదలు.

"ఏం గాలే రమా. పైకొచ్చిన. చెప్దామని చేసిన."

అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడొచ్చింది. మొహం నిండా బొగ్గు మసితో, ఫోన్ పెట్టెయ్యకుండా, అతనక్కడే నిలబడ్డాడు.