మూతపడ్డ హాల్లో వన్స్‌మోర్

ఆ సినిమా హాలు మూతపడ్డాక, పొద్దుపోతే ఆ సందులోకి వెళ్లడానికి ఎంతటి మొనగాడైనా జంకేవాడు. లోపల ఈలలు వినిపిస్తాయట... పైన ఆపరేటర్ గదిలో దీపం కదులుతుందట.

దీపం సంగతి ఆపరేటరుకు తెలుసు. అది అతని టార్చిలైటే. ఇంటింటికీ వీడియో వచ్చి జనం ఇటు రావడం మానేశాక ఓనరు తాళం వేసేశాడు. మారుతాళం మాత్రం ఇతని దగ్గరే ఉండిపోయింది. అప్పుడప్పుడూ వెళ్లి ప్రొజెక్టరుకు నూనె పెట్టి వస్తుంటాడు. "చచ్చినదానికి ఇంకా సేవలేమిటి?" అని భార్య దెప్పుతుంది. ఎప్పటికైనా మళ్లీ పిలవకపోతారా అని అతని పిచ్చి ఆశ.

ఈలల సంగతే తెలియదు... ఆ రాత్రి దాకా.

నూనె డబ్బా వంచాడో లేదో — కింద ఈల. వెంటనే చప్పట్లు. ఆపైన పాట... ఒకప్పుడు కుర్రాళ్లు చొక్కాలు చింపుకున్న పాట.

"వన్స్‌మోర్..."

అలవాటుకొద్దీ చెయ్యి రీలు మీదికి పోయింది. ఆ రోజుల్లో జనం వన్స్‌మోర్ అంటే, రీలు వెనక్కి చుట్టి మళ్లీ ఎక్కించేసరికి తనకు చెమటలు పట్టేవి. ఇక్కడ ఈలలు ఆగకముందే పాట మళ్లీ మొదలైంది. మనిషి చేసే పని కాదిది — ఒళ్లు జలదరించింది.

ప్రొజెక్టరు కిటికీలోంచి కిందికి చూశాడు.

చిరిగిన తెర ముందు చిన్న టీవీ, పక్కనే వీడియో పెట్టె, ఊడిపోయిన పక్క తలుపులోంచి లాగిన వైరు. బెంచీ మీద నలుగురు పాత అభిమానులు.

"మెల్లగా వెయ్యరా ఈల."

"ఇంట్లో వేస్తే మా ఆవిడ ఊరుకోదనే కదా ఇక్కడికొచ్చింది..."

ఆపరేటరు ప్రాణం లేచొచ్చింది. నేనూ ఉన్నానన్నట్టు టార్చి ఊపాడు.

పాటలోనూ వాళ్ల గుసగుస వినిపించింది. "ఒరేయ్... పైన... ఆపరేటరు."

"ఆయన పోలేదూ?"

"హాలే పోయాక ఆయనెక్కడ ఉంటాడు..."

బెంచీ బోర్లాపడింది. చెప్పులు వదిలేసి పరుగు.

"ఆగండి నాయనా... నేను బతికే ఉన్నాను." మెట్లు దిగేసరికి ఎవరూ లేరు. టీవీ ఒక్కటే పాడుతోంది.

పెట్టె ముందు నిలబడ్డాడు. తిప్పడానికి చక్రం లేదు, ఎక్కించడానికి రీలు లేదు. అన్నీ మీటలే. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియదు.

పాట అయిపోయింది. అతనికి ఏడుపొచ్చింది.

"వన్స్‌మోర్..." అన్నాడు సన్నగా.

పెట్టె తన దారిన తాను తర్వాతి సీనులోకి వెళ్లిపోయింది.