ఫ్యాన్ సద్దు

ఆ పొద్దున కువైట్ ఆకాశం పేడ అలికిన గోడలా ఉంది. దుమ్ముగాలి రెండు రోజులుగా తగ్గలేదు. సూర్యుడు ఉన్నాడనడానికి తూర్పున ఒక తెల్లటి మచ్చ, అంతే. అబ్బాసియా సందుల్లో జనం మూతికి తువ్వాళ్లు కట్టుకుని, తలలు వంచుకుని నడుస్తున్నారు. ఎవరి ముఖం ఎవరికీ కనబడని రోజు. గంగాధరకు అలాంటి రోజులంటే ఇష్టం.

అతను రెండేళ్లుగా ఆ వీధిలో లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాడు. రాయచోటి దగ్గర పల్లెవాడు, ఇంగ్లీషు రాదు, ఎక్కువ మాట్లాడడు అని పేరు. ఇంగ్లీషు రాదన్నది అబద్ధం. అతను ఢిల్లీ పంపిన గూఢచారి అని ఆ వీధిలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి దర్జీ మస్తాన్ వలి.

మస్తాన్ వలి దుకాణం తలుపు వేసి, ప్యాంటు కొలతలు తీస్తూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"దజీజ్‌లో ఒక గోడౌన్. ముందు షిప్పింగ్ ఆఫీసు. వెనక గది కోర్విన్ అనేవానిది."

"ఏ దేశమోడు?"

"దుడ్లు ఏ దేశానివైతే ఆ దేశమోడు. మన కొరియర్ లాప్‌టాప్ కొట్టేసినాడు. అందులో ఒక ఫైలుండాది. గల్ఫ్‌లో మనకు కబుర్లు చేరేసే నలభైరెండు మంది పేర్లు, ఫోటోలతో సహా. మూడో పేరు సంజీవమ్మ."

సంజీవమ్మ ఆ ఆఫీసులోనే టీ కాచే మనిషి. పంతొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఉంది. వెనక గదిలోకి ఏ రోజు ఎన్ని కప్పులు పోయాయో, ఏ కప్పుకు లిప్‌స్టిక్ అంటిందో వచ్చి చెప్పేది. ఆమె ఇచ్చే రిపోర్టు అంతే. అది చాలు.

"ఫైలు ఆ మిషన్‌లో తప్ప తెరుచుకోదు. తాళం విప్పే ప్రోగ్రాం మూడు గంటలు నడవాల. మధ్యలో మూడు తూర్లు ఆగిందంటే ఫైలు దానంతటదే మాసిపోతాది. ఇప్పటికి రెండు తూర్లు ఆగింది."

"ఎందుకు?"

"వేడెక్కి ఫ్యాను గాండ్రిస్తాందంట. ముందు ఆఫీసోళ్లు వింటారని వాని బాడీగార్డు దానిమీద దుప్పటి కప్పినాడు."

గంగాధర నవ్వలేదు. "రెండు తూర్లూనా?"

"రెండు తూర్లూ." మస్తాన్ వలి టేపు చుట్టాడు. "వేడి తగ్గించే మెకానిక్ కావాలన్నారు. సంజీవమ్మ నీ పేరు చెప్పింది. నువ్వు పగలగొట్టి వచ్చినావంటే ఆమెను చంపుతారు. కాబట్టి నీ చేతిలో బాగుపడాల. నువ్వు బయటపడినంక చెడిపోవాల."

"సరే."

"ఇంకొకటి. ఆడ జ్యోతిలక్ష్మి అని ఉంటాది. కోనసీమ మనిషి. మనకూ పనిచేస్తాది, వానికీ పనిచేస్తాది. నిజంగా మన పక్కకు వచ్చిన దినం మాటల్లో చప్పుడుకు బదులు 'సద్దు' అనాలని చెప్పి పెట్టినా. ఆ పక్కవాళ్ల నోట వచ్చే మాట కాదు గదా. సంవత్సరమైంది, ఒక్క తూరీ అనలే. నమ్మాకు."

దజీజ్‌లో ఆ వెనక గదిలో ఏసీ చలి ఎముకలకు పట్టేలా ఉంది. కోర్విన్ సన్నగా ఉన్నాడు. రెప్ప వేయకుండా చూస్తాడు. బాడీగార్డు బ్రూనో గంగాధర సంచిని నేలమీద కుమ్మరించి, స్క్రూడ్రైవర్లను కాలితో అటూ ఇటూ తోసి చూశాడు. ఎర్ర స్క్రూడ్రైవర్ పిడిలో పెన్‌డ్రైవ్ ఉన్న సంగతి అతని బూటుకు తెలియలేదు.

జ్యోతిలక్ష్మి సోఫాలో కాలు మీద కాలు వేసుకుని ఉంది. తెల్ల పట్టు చొక్కా, తల మీదికి నెట్టిన నల్లకళ్లద్దాలు. ఇక్కడ ఆమె పేరు మేడమ్ లైలా. దుబాసీ పని ఆమెదే.

"ఏవయ్యా సీమాయనా, ఈ చప్పుడు తగ్గించగలవా, లేక ఊళ్లో బోరు మోటార్లు విప్పొచ్చినోడివా?"

"మోటార్లు కూడా విప్పినా మేడం."

మొదట ఫ్యాన్‌లో దుమ్ము ఊదాడు. పాత థర్మల్ పేస్ట్ గీకి కొత్తది పూశాడు. తర్వాత అందరూ టీ కప్పులు అందుకునే క్షణంలో పెన్‌డ్రైవ్ గుచ్చి తన ప్రోగ్రాం తెరిచాడు.

ప్రాసెసర్‌కు కంపెనీ ఇచ్చే వోల్టేజి ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది, ఏ చిప్పూ మధ్యలో ఆగకూడదని. ఆ ఎక్కువను కొంచెం కొంచెంగా కోస్తూ పోతే పని అంతే జరుగుతుంది, వేడి తగ్గుతుంది, ఫ్యాన్ నోరు మూసుకుంటుంది. ఊళ్లో బోరు మోటారైతే వోల్టేజి తగ్గితే కాలిపోతుంది. ఇది కాలదు. కాకపోతే ఒక గీత ఉంటుంది. అది దాటితే తేలిక పనులన్నీ చేస్తూనే ఉంటుంది, అసలు బరువు నెత్తిన పడ్డాక సొమ్మసిల్లుతుంది. ఆ గీత ఒక్కో చిప్పుకు ఒక్కో చోట.

యాభై మిల్లీవోల్ట్‌లు తగ్గించాడు. ఎనభై. వంద. నూటపది దగ్గర ఆపాడు. అసలు బరువు పడ్డాక మామూలు చిప్పైతే గంట దాటదు. పది నిమిషాల చిన్న టెస్ట్ పెట్టాడు. తొంభైనాలుగు డిగ్రీల వేడి అరవైఎనిమిదికి దిగింది. ఫ్యాన్ గుసగుసలోకి వచ్చింది.

"ఇంతకన్నా తగ్గిస్తే కష్టమని చెప్పండి మేడం."

ఆమె చెప్పింది. కోర్విన్ తాళం విప్పే ప్రోగ్రాం నొక్కాడు. గంగాధర సంచి సర్దుకుని లేచాడు.

"కూర్చో," అన్నాడు కోర్విన్. "తెరుచుకునేదాకా ఎవరూ కదలరు. నిన్ను తెచ్చిన టీ మనిషి కూడా."

బ్రూనో సంజీవమ్మను భుజం పట్టి లోపలికి తోశాడు. ఆమె ట్రే ఒళ్లో పెట్టుకుని గోడవారన కూర్చుంది. చేతిలో తన సద్ది క్యారియర్ ఉంది.

గంట గడిచింది. ముప్పైరెండు శాతం. చిప్పు ఆగలేదు. రెండో గంటకు అరవైఐదు. ఆగలేదు. ఇంత కోతను తట్టుకునే చిప్పు వెయ్యింటిలో ఒకటి ఉంటుంది, అది ఇక్కడే తగిలింది. పైగా ఆ ఏసీ చలి. గంగాధర వీపున చెమట ఏసీకి ఆరుతోంది, మళ్లీ పుడుతోంది. కీబోర్డు రెండడుగుల దూరంలో ఉంది. మధ్యలో బ్రూనో పిస్తోలు ఉంది.

తొంభైఒకటి.

సంజీవమ్మ అతనివైపు చూడలేదు. గోడమీద తేదీ చూస్తున్నట్టు క్యాలెండర్‌నే చూస్తోంది. ఆమెకు చదువు రాదు.

కోర్విన్ కొనేవాడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. అవతల ఒక ముసలి గొంతు, ఇంగ్లీషులో, తొందరలేకుండా అంది. "పేర్లు ఒక్కొక్కటిగా చదివి వినిపించు."

"పావుగంట," అన్నాడు కోర్విన్.

తొంభైఐదు. జ్యోతిలక్ష్మి లేచి ఫోన్ దగ్గర చెవి పెట్టింది. ముఖం చిట్లించింది. కోర్విన్‌తో ఇంగ్లీషులో, "ఫోన్‌లో ఫ్యాన్ గర్రుమంటోంది, పేర్లు వినబడవు" అంది. తర్వాత గంగాధర వైపు తిరిగింది.

"ఏవయ్యా, సారు గారికి ఆ ఫ్యాన్ సద్దు గిట్టట్లేదు. ఇంకో పది తగ్గించు."

సద్దు. కోనసీమ నోటిలో ఆ మాట అరువు చెప్పుల్లా ఉంది.

గంగాధర చేతులు కదల్చలేదు. "ఇంకా తగ్గిస్తే ఆగిపోవచ్చు మేడం. సారుకు చెప్పండి."

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. కోర్విన్ పెదవి వంకర తిప్పాడు. "పొద్దున్నుంచీ వీడిది ఒకటే భయం. ఆగిందా? తగ్గించమను. యల్లా, తొందరగా."

స్పీకర్‌లో ముసలి గొంతు దగ్గింది. ఆ ఆజ్ఞ అతనూ విన్నాడు.

బ్రూనో పక్కకు జరిగాడు. గంగాధర స్లైడర్‌ను పది జరిపాడు. నూటఇరవై.

తొంభైఏడు. తొంభైఎనిమిది. ఫ్యాన్ దాదాపు వినబడటం లేదు. తొంభైతొమ్మిది. స్క్రీన్ మీద మొదటి ఫోటో సగం వచ్చింది, నుదురూ రెండు కనుబొమ్మలూ.

అప్పుడు స్క్రీన్ నీలంగా మారింది.

ఫ్యాన్ పూర్తిగా ఆగింది. కోర్విన్ బటన్ నొక్కాడు. మిషన్ మళ్లీ లేచింది, ఏమీ జరగనట్టు. ఫైలు ఉన్న చోటు ఖాళీగా ఉంది.

ముసలి గొంతు ఒక్క మాట అంది. "ఖలాస్." ఫోన్ కట్ అయింది.

బ్రూనో పిస్తోలు గంగాధర చెవికి ఆనింది. జ్యోతిలక్ష్మి కళ్లద్దాలు దించుకుని తీరిగ్గా అంది.

"కాల్చు. గోడ అవతల పన్నెండు మంది గుమస్తాలున్నారు. ఫ్యాన్‌కే దుప్పటి కప్పినవాడివి, దీనికేం కప్పుతావు?" తర్వాత కోర్విన్‌తో, "తగ్గించమన్నది నీ గొంతు. ఫోన్‌లో ఆయన విన్నాడు. ఎయిర్‌పోర్ట్‌కి ఎంతసేపు పడుతుందో చూసుకో."

కోర్విన్ సొరుగులోంచి పాస్‌పోర్ట్ తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. బ్రూనో ఒక నిమిషం ఆలోచించాడు. అది అతనికి ఎక్కువే. అతనూ వెళ్లాడు.

గంగాధరనూ సంజీవమ్మనూ ఎక్కించుకుని అబ్బాసియా వైపు కారు నడుపుతూ జ్యోతిలక్ష్మే మాట్లాడింది.

"దేశం కోసం చేశాననుకునేవు. ఆ లిస్టులో పదిహేడో పేరు నాది."

"మరి ఇన్ని దినాలూ ఆ మాట అనలేదే?"

"అవసరం రాలేదు. బ్రూనోకి దుప్పటి ఇచ్చిందెవరనుకున్నావు?"

గంగాధర కిటికీలోంచి దుమ్ములోకి చూశాడు. ఈమెను ఇప్పటికీ నమ్మకూడదు. ఆమె కూడా అద్దంలో అతన్ని అదే చూపుతో చూస్తోంది.

మస్తాన్ వలి దుకాణంలో ఇస్త్రీ బల్ల మీద సంజీవమ్మ క్యారియర్ విప్పింది. రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి, రెండు ఉల్లిగడ్డలు. నలుగురికీ సమానంగా పెట్టింది. జ్యోతిలక్ష్మి సంగటి ముద్దను అనుమానంగా చూసి, పట్టు చొక్కా చేతులు పైకి మడిచింది.

సద్దు లేకుండా సద్ది తిన్నారు. పైన సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే కిర్రుకిర్రుమంటోంది. దాన్ని తగ్గించమని ఎవరూ అనలేదు.