బోణీ కుర్చీ

ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకు లుజైన్‌కి బోణీ అయింది. కుర్చీ మాత్రం వీధిలోనే ఉంది.

సల్త్ ఊళ్ళో హమ్మాం వీధి కొట్లవాళ్ళు షట్టర్ ఎత్తగానే గుమ్మం ముందు ఒక కుర్చీ వేస్తారు. మొదటి బేరం అయ్యాక దాన్ని లోపల పెట్టేస్తారు. బోణీ అయినవాళ్ళ దగ్గరికి ఇంకొకరు వస్తే, వాళ్ళు ముందు వీధిలోకి తొంగి చూస్తారు. ఎవరి కుర్చీ బయట ఉంటే వాళ్ళ కొట్టుకి పంపుతారు.

ఆ ఉదయం లుజైన్ రొట్టెలకి అద్దుకునే జాతర్ పొడి అరకిలో తూచి పొట్లం కట్టింది. డబ్బు తీసుకుని డబ్బాలో వేసింది. కుర్చీ కోసం గుమ్మం దాకా వచ్చింది. అప్పుడే పక్క కొట్టులో అబూ గాలిబ్ గొంతు వినిపించింది.

"నాకు బోణీ అయిందమ్మా. అదిగో, ఆ కుర్చీ చూడు. ఆ పిల్లకి ఇంకా కాలేదు. అక్కడ తీసుకో."

సంచీ పట్టుకున్న ఒకావిడ ఇటు వచ్చింది. పులుసులోకి సుమాక్ పొడి కావాలంది. లుజైన్ తూచి ఇచ్చింది.

ఆవిడ వెళ్ళాక లుజైన్ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. కుర్చీని చూసింది. దాన్ని ముట్టుకోకుండా లోపలికి వెళ్ళి తక్కెడ తుడిచింది.

సాయంత్రం దాకా కుర్చీ అక్కడే ఉంది. అబూ గాలిబ్ ఇంకో ఇద్దరిని పంపాడు. మూల కొట్టాయన కూడా పంపాడు. ఆ కొట్లలోనూ ఇవే మసాలాలు అమ్ముతారు.

కొట్టు లుజైన్ వాళ్ళ తాతది. పేరు నజీబ్. స్కూలు సెలవులు మొదలైన వారంలోనే ఆయన మెట్ల మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

నాన్న అకబా వెళ్ళే లారీ నడుపుతాడు. అమ్మకి కుట్టు ఫ్యాక్టరీలో పని. తాత కొడుకు, మేనమామ ఫవ్వాజ్ బస్సు డిపోలో పని చేస్తాడు. కొట్టు సంగతి ఆయన చేతికి వచ్చింది.

"అద్దె కొట్టే కదా, తాళం ఇచ్చేద్దాం. నాన్న లేచి తిరగడానికి ఎన్ని నెలలు పడుతుందో," అన్నాడు ఫవ్వాజ్.

"సెలవులే కదా. నేను కూర్చుంటా మామా," అంది లుజైన్. ఆమెకి పన్నెండేళ్ళు.

"నువ్వా? నలభై ఏళ్ళు మీ తాత కూర్చుంటేనే అది పెరగలేదు. ఎలా పెరుగుతుంది? వచ్చిన మనిషిని పక్క కొట్టుకి పంపించే కొట్టు అది."

"నేను పెంచుతా."

ఫవ్వాజ్ నవ్వాడు. కానీ ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున డిపోకి వెళ్తూ షట్టర్ ఎత్తేవాడు. సాయంత్రం వచ్చి దించేవాడు. ఒక షరతు పెట్టాడు. వచ్చే శనివారం ఆయనకి సెలవు. ఆ రోజంతా కొట్టులో కూర్చుని చూస్తాడు. నడిచేలా ఉంటే ఉంచుతాడు. లేకపోతే తాళం ఇచ్చేస్తాడు.

సెలవులకి ముందు రిహాబ్ టీచర్ క్లాసులో ఒక ప్రశ్న అడిగింది. వ్యాపారంలో గెలవాలంటే ఏం కావాలి? "తెలివి," అని లుజైన్ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. బోణీ అయ్యాక కుర్చీని బయటే ఉంచాలని మొదట అనిపించినప్పుడు, ఆమెకి ఆ చప్పట్లు గుర్తొచ్చాయి.

ఆదివారం సాయంత్రానికి జాతర్ డబ్బా ఖాళీ అయింది. అంత బేరం ఆ కొట్టులో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎవరికైనా చెప్పాలనిపించి గుమ్మంలోకి వచ్చింది.

అబూ గాలిబ్ తన గుమ్మం కడుగుతున్నాడు. ఎదురుగా చెప్పులు కుట్టే షుక్రీ దారానికి మైనం రాస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఏదో ఫుట్‌బాల్ ఆట గురించి వాదించుకుంటున్నారు. లుజైన్ గుమ్మంలోనే ఆగింది. వీళ్ళకి ఏమని చెప్పాలి?

ఇంటికి వెళ్ళాక తాత అడిగాడు.

"బేరాలు సరే. వీధిలో ఏం జరిగింది? ఎవరు ఏమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు తాతా."

"షుక్రీ కూడానా? వాడికి ఒంట్లో బాగా లేదేమో!"

షుక్రీకి బాగానే ఉంది. ఆయన కొట్టు గుమ్మం లుజైన్ తక్కెడకి సూటిగా ఉంటుంది. సోమవారం పదిన్నరకి ఆయన తల ఎత్తకుండానే కేక వేశాడు.

"ఏయ్ లుజైన్! మీ కుర్చీకి ఎండదెబ్బ తగులుతుంది. గొడుగు అద్దెకివ్వనా?"

అవతలి కొట్టులో ఎవరో నవ్వారు. లుజైన్ కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. అప్పటికి ఆమెకి రెండు బేరాలు అయ్యాయి. వెంటనే కుర్చీ తీస్తే తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది. తీయలేదు.

మధ్యాహ్నం కొట్లవాళ్ళు భోజనానికి షుక్రీ గుమ్మం ముందు పేపర్ పరిచారు. చిక్కుడు గింజల కూర, రొట్టెలు, ఉల్లిపాయలు పెట్టారు. తాత ఉన్నప్పుడు ఆయన చోటు ఆ పేపర్ చివర. తాత పడ్డాక ఆ చోట లుజైన్ కూర్చుంటోంది.

"రా తల్లీ," అని అబూ గాలిబ్ పిలిచాడు.

"తిన్నాను బాబాయ్."

తినలేదు. బస్తాల వెనక్కి వెళ్ళి, అమ్మ పెట్టిన జున్ను రొట్టె తింది. బయట మాటలు వినపడుతున్నాయి. మంగళవారం కూడా తిన్నానంది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

బుధవారం కుర్చీ నిజంగానే బయట ఉంది.

తొమ్మిదయింది. పది దాటింది. ఎవరూ రాలేదు. అబూ గాలిబ్ కుర్చీ లోపలికి వెళ్ళింది. మూల కొట్టు కుర్చీ కూడా వెళ్ళింది. వీధిలో లుజైన్ కుర్చీ ఒక్కటే మిగిలింది.

మూల కొట్టుకి ఒకాయన వచ్చాడు. యాలకులు అడిగాడు. కొట్టాయన వీధిలోకి చూశాడు. లుజైన్ కుర్చీ మీద ఆయన చూపు ఆగింది. తర్వాత లోపలికి తిరిగి, తనే తూచి ఇచ్చాడు.

ఇవాళ నిజమే అని అరవాలనిపించింది. అరిస్తే ఆదివారం సంగతి కూడా చెప్పాలి. ఆమె తక్కెడ పళ్ళేలు తీసి తుడిచింది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది. పేపర్ పరిచారు, తీసేశారు. ఎండ వీధికి అటువైపు నుంచి ఇటువైపు వచ్చి, కుర్చీ మీద పడింది. వెళ్ళేవాళ్ళు కుర్చీని తప్పుకుని వెళ్తున్నారు. తన కుర్చీని చూసి తనే నమ్మనని లుజైన్‌కి అనిపించింది. సాయంత్రం నమాజు పిలుపు కూడా అయింది.

అప్పుడు పక్క కొట్టులో మాటలు వినిపించాయి.

"అదిగో, కుర్చీ బయట ఉంది. అక్కడ తీసుకో."

"ఇంత దూరం నీ కోసం వచ్చాను. నీ దగ్గర పుదీనా లేదా ఏంటి?"

"పుదీనా ఉంది. బోణీ కూడా ఉంది. ఆ పిల్లకి పుదీనా ఒక్కటే ఉంది. వెళ్ళమ్మా."

ఒక ముసలావిడ గొణుక్కుంటూ వచ్చింది. లుజైన్ ఎండు పుదీనా తూచింది. ఆవిడ గుమ్మం దిగగానే కుర్చీ లోపల పెట్టింది. పక్క కొట్టుకి వెళ్ళింది.

అబూ గాలిబ్ దాల్చినచెక్క విరుస్తున్నాడు.

"బాబాయ్, ఆదివారం నాకు పొద్దున్నే బోణీ అయిపోయింది," అంది లుజైన్.

"తెలుసు."

"సోమవారం కూడా. నిన్న కూడా."

"తెలుసు."

"షుక్రీ బాబాయ్ చెప్పాడా?"

"చెప్పకుండా ఉంటే వాడికి అన్నం అరగదు."

"మరి ఇవాళ ఎందుకు పంపారు? ఇవాళ కూడా అబద్ధమే అనుకోలేదా?"

"అనుకున్నాను."

అబూ గాలిబ్ ఇంకో చెక్క తీసుకున్నాడు.

"చూడు తల్లీ. కుర్చీ వేయడం నీ పని. చూసి పంపడం నా పని. నీ పని కూడా నేనే చేయాలంటే నాకు జీతగాళ్ళు కావాలి. పెట్టుకునే స్తోమత లేదు." ముక్కలు డబ్బాలో వేసి మూత పెట్టాడు. "తాత ఎలా ఉన్నాడు?"

"వీధిలో ఏం జరిగిందని రోజూ అడుగుతాడు."

"ఏం చెబుతున్నావు?"

లుజైన్ తన కొట్టుకి తిరిగి వచ్చింది.

గురువారం బోణీ కాగానే ఆమె కుర్చీ లోపల పెట్టింది. ఎవరూ చూసినట్టు లేదు. మధ్యాహ్నం ఎవరూ పిలవలేదు. శుక్రవారం వీధికి సెలవు.

శనివారం ఫవ్వాజ్ వచ్చాడు. షట్టర్ ఎత్తి, కుర్చీ బయట వేసి, దాని మీద తనే కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకుని ఫోన్ చూడటం మొదలుపెట్టాడు.

కాసేపటికి స్కూలు బస్సు డ్రైవర్ భార్య వచ్చి టీలో వేసే మరమియ్యా ఆకు తీసుకుంది. చిన్న పొట్లం. ఆవిడ వెళ్ళగానే లుజైన్ బయటికి వచ్చింది.

"మామా, లే."

"ఏం?"

"బోణీ అయింది. కుర్చీ లోపల పెట్టాలి."

"నేను కూర్చున్నాను కదే."

"అందుకే లెమ్మంటున్నా. లోపల కూర్చో."

ఎదురుగా షుక్రీ సుత్తి ఆగింది. ఫవ్వాజ్ లేచాడు. లుజైన్ కుర్చీ ఎత్తి లోపల పెట్టింది. సుత్తి మళ్ళీ మోగింది.

పదింటికి ఒక యువకుడు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు.

"కూతురు పుట్టింది," అన్నాడు. ముందు ఆ మాటే చెప్పాడు.

"శుభం అన్నా," అంది లుజైన్. ఫవ్వాజ్ కూడా శుభం అన్నాడు.

"చూడటానికి మా వాళ్ళంతా వస్తున్నారు. బిడ్డ పుడితే పెట్టే పాయసంలోకి సీమజీలకర్ర పొడి రెండు కిలోలు కావాలి. సోంపు, దాల్చినచెక్క కూడా కావాలి. పైన చల్లడానికి బాదం, అక్రోట్లు, కొబ్బరి. ఎంత కావాలో మీరే చెప్పండి. నాకు తెలీదు. నాకు ఇదే మొదలు."

అన్నీ కొట్టులో ఉన్నాయి. ఆ వారం అమ్మినదంతా కలిపినా ఇంత కాదు. ఫవ్వాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెద్ద సంచీ కోసం చూస్తున్నాడు.

లుజైన్ గుమ్మం దాకా వచ్చి వీధిలోకి చూసింది. మూల కొట్టు ముందు కుర్చీ లేదు. అబూ గాలిబ్ కుర్చీ బయట ఉంది.

ఆమె గుమ్మంలో కొంచెం సేపు నిలబడింది. వెనక ఫవ్వాజ్ సంచీ దులుపుతున్న చప్పుడు వినిపించింది.

"అన్నా, మాకు బోణీ అయింది. పక్క కొట్టుకి ఇంకా కాలేదు. అవన్నీ ఆయన దగ్గర ఉంటాయి. ఎంత వేయాలో కూడా చెబుతాడు," అంది.

"మీ దగ్గర లేవా?"

"ఉన్నాయి."

"లుజైన్!" అన్నాడు ఫవ్వాజ్.

ఆ యువకుడు పక్క గుమ్మం ముందున్న కుర్చీని చూశాడు.

"నువ్వు ఎవరి మనవరాలివి?"

"నజీబ్ మనవరాలిని."

అతను తల ఊపి మెట్టు దిగాడు. పక్క కొట్టులో అబూ గాలిబ్ "కూతురా!" అని అరవడం వినిపించింది. ఆ తర్వాత డబ్బాల మూతలు తీసిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఫవ్వాజ్ సంచీ మడిచి బల్ల మీద పెట్టాడు.

"నేను ఇవాళ ఎందుకు వచ్చానో నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే పంపావా?"

"ఆయన కుర్చీ బయట ఉంది మామా."

"కుర్చీ! కుర్చీ! మీ తాత అచ్చం ఇదే మాట. చిన్నప్పుడు ఈ మాట వినీ వినీ నేను డిపోలో చేరాను."

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. లుజైన్ ఒక్కతే ఉంది. బాదం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది. పన్నెండు దాకా కొట్టుకి ఎవరూ రాలేదు.

ఫవ్వాజ్ తిరిగి వస్తూ అబూ గాలిబ్ గుమ్మం దగ్గర ఆగాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. అబూ గాలిబ్ ఎక్కువ మాట్లాడాడు. ఫవ్వాజ్ నేల చూస్తూ విన్నాడు. ఏం మాట్లాడుకున్నారో లుజైన్‌కి వినపడలేదు. తర్వాత ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఒకావిడ షుక్రీ దగ్గర చెప్పులు తీసుకుంటూ, మంచి సుమాక్ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. షుక్రీ దబ్బనంతో ఎదురు కొట్టు చూపించాడు. ఆవిడ వచ్చి పావుకిలో తీసుకుంది. ఫవ్వాజ్ పొట్లం కట్టాడు. ఆయన కట్టిన పొట్లం గుమ్మం దగ్గరే విడిపోయింది. లుజైన్ మళ్ళీ కట్టి ఇచ్చింది.

సాయంత్రం ఆయన షట్టర్ దించి తాళం వేశాడు. ఇద్దరూ మెట్లదారిన ఇంటికి నడిచారు. ఇంట్లో అమ్మ అడిగింది.

"ఏం ఆలోచించావు?"

"చూద్దాం," అన్నాడు ఫవ్వాజ్.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆయన వచ్చి తాళం తీశాడు. ఎప్పటిలాగే షట్టర్ ఎత్తి, కొట్టు లుజైన్‌కి వదిలి బస్సు డిపోకి వెళ్ళిపోయాడు.