వెర్డోరాకు రాని మాట

2013 జులై. వాన అప్పుడే వెలిసింది. సదాశివనగర్ దాటి భీమేష్ మోటార్ సైకిల్ కామారెడ్డి వైపు వస్తోంది. వీపున లాప్‌టాప్ బ్యాగు, దాని మీద పాలిథిన్ కవరు.

వెనక వస్తున్న లారీ హారన్ కొట్టలేదు. భీమేష్ ఎడమకు జరిగాడు. లారీ కూడా ఎడమకు జరిగింది.

నాట్లు వేస్తున్న ఆడవాళ్లు కేకలు పెడుతూ గట్టెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. లారీ ఆగలేదు. దాని వెనకే వచ్చిన తెల్ల కారు ఆగింది. అందులోంచి పొడుగాటి మనిషి ఒకడు దిగాడు. రోడ్డు మీద పడి ఉన్నవాడి వీపు నుంచి బ్యాగు తీసుకున్నాడు. ప్రాణం ఉందో లేదో చూడలేదు. కారు వెళ్లిపోయింది.

రోడ్డు ప్రమాదమని పోలీసులు రాసుకున్నారు.

"హత్య" అన్నాడు చీఫ్ అబ్రాహాము.

హైదరాబాద్‌లో ఆ గూఢచారి విభాగం ఆఫీసు బయట గోనెసంచుల ఎగుమతి కంపెనీ బోర్డు ఉంటుంది. లోపల ఒక్క గోనెసంచీ ఉండదు. చీఫ్ ఎదురుగా ఏజెంట్ దేవీసింగ్ కూర్చున్నాడు.

"చనిపోయిందెవరు సర్?"

"భీమేష్. ఎల్లారెడ్డి ఊరి ఇంజనీరు. కామారెడ్డి విత్తనాల వ్యాపారి పురుషోత్తం కోసం ఒక ప్రోగ్రామ్ తయారుచేశాడు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. రైతు మిస్డ్ కాల్ ఇస్తే అది తిరిగి ఫోన్ చేస్తుంది. మొక్కజొన్నకు, అక్కడి మాటలో మక్కకు, ఏమైందో ప్రశ్నలు అడుగుతుంది. రైతు అంకెలు నొక్కుతాడు. అది సలహా చెబుతుంది. అక్కడి నేల, అక్కడి వాన, అక్కడి పురుగు. అంతకుమించి దానికేమీ తెలియదు."

"పురుషోత్తం వాడుతున్నాడా?"

"తీసేశాడు. వెర్డోరా పెట్టుకున్నాడు. విదేశీ సరుకు. లోకమంతటికీ ఒకటే సాఫ్ట్‌వేర్."

"వెర్డోరా వెనక ఎవరు?"

"మిడత."

దేవీసింగ్ నిటారుగా కూర్చున్నాడు. ఒక విదేశీ విత్తన ముఠాకు ఆ విభాగం పెట్టుకున్న పేరు అది.

"మన మక్క విత్తనం ఒక్క సీజన్ చేతికి రాకపోతే చాలు, వచ్చే ఏడాది రైతు వాళ్ల విత్తనమే కొనాలి. ఏం చేయబోతున్నారో కనిపెట్టు. ఆపు. కామారెడ్డిలో వాళ్ల మనిషి పేరు కార్ల్. కన్సల్టెంట్ వేషం. వెర్డోరా రీజనల్ మేనేజర్ సునీల వాళ్ల ఏజెంటు. మన ఏజెంటు కూడా."

"ఎవరి మనిషి ఎక్కువ సర్?"

"ఏ రోజుకు ఆ రోజు."

చీఫ్ బల్ల కింది నుంచి వీపుకు తగిలించుకునే స్ప్రేయర్ ఒకటి తీశాడు. ట్యాంకులో సగం మందునీళ్లు, మిగతా సగంలో సెల్‌ఫోన్ జామర్. "నీది గాంధారి తండా. అక్కడ నువ్వు కొత్త మనిషిలా కనబడవు. అందుకే నువ్వు" అన్నాడు.

మూడో రోజు కామారెడ్డిలో పురుషోత్తం దుకాణం ముందు మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ ధాన్యం బ్రోకర్ హరిచంద్ దిగాడు. తెల్ల టోపీ, నోట్లో వక్క, మాటలో మరాఠీ యాస. టోపీ కింద ఉన్నది దేవీసింగ్. జేబులో పెన్ను కెమెరా.

పురుషోత్తం కంప్యూటర్ తెర అతని వైపు తిప్పి చూపించాడు.

"నలభై దేశాలు వాడుతున్నయి హరిచంద్ సేట్. భీమేష్‌ది ఏముండె? గాంధారి, ఎల్లారెడ్డి, గంతే. పక్క మండలం ముచ్చట గూడ తెల్వదు దానికి."

"మీ విత్తనం పండేది యాడ సేట్?"

"గాంధారి, ఎల్లారెడ్డి."

అన్నాక పురుషోత్తం తెర మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "ఇంకో సంగతి చెప్త ఇను. ఏదన్న గట్టి సవాల్ అడిగితే 'నాకు తెల్వదు' అంటుండె. పైసలు వెట్టి పెట్టుకున్న మిషిన్ తెల్వదంటదా? వెర్డోరా ఎన్నడు గట్ల అనలే. ఏదడిగినా జవాబుంటది. పిలగాడు మంచోడే, పాపం. బండి జోరుగ నడుపుతుండె."

గోదాములో కొత్త లేబుల్ అట్టపెట్టెలు గోడెత్తున పేర్చి ఉన్నాయి. ఏదో కలుపు మందు. వెర్డోరాతో పాటే వచ్చిందట. పెన్ను రెండుసార్లు క్లిక్‌మంది.

అప్పుడే సునీల లోపలికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర. యూరియా వాసన నిండిన దుకాణం ఒక్కసారిగా సెంటు వాసన వేసింది.

"మద్నూర్‌లో పెసర్లు తడిశాయా సేట్?"

కోడ్.

"తడువలే మేడమ్. ఎండినయి."

బయట కారు పక్కన నిలబడి ఆమె గొంతు తగ్గించింది. "ఎల్లారెడ్డి వెళ్లు. భీమేష్ ప్రోగ్రామ్ రెండో కాపీ అతని భార్య దగ్గరుంది. కార్ల్‌కు తెలియదు."

"నీకెలా తెలుసు?"

"భీమేషే చెప్పాడు."

అంతకుమించి అడగనివ్వకుండా ఆమె కారెక్కింది.

ఎల్లారెడ్డిలో భీమేష్ ఇల్లు బస్టాండు వెనక సందులో ఉంది. తలుపు తీసింది అనిల. ఇంట్లో భీమేష్ ఫోటోకు వేసిన దండ వాడిపోయింది. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. దానికి కలిపిన ఫోన్ మోగి ఆగింది. ఎవరో రైతు మిస్డ్ కాల్.

దేవీసింగ్ టోపీ తీసి చేతిలో పెట్టుకున్నాడు. తను ఎవరో చెప్పాడు.

"పోలీసోళ్లు వచ్చి పోయిండ్రు. ప్రమాదమన్నరు" అంది అనిల.

"ప్రమాదం కాదు చెల్లె."

ఆమె ఏడవలేదు. "నాకు ఎర్కనే అన్నా" అంది.

ఆమె చెప్పగా అతను తన ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇచ్చాడు. వెంటనే తిరిగి ఫోన్ వచ్చింది. ఎత్తాడు. చనిపోయినవాడి గొంతు పలకరించింది.

"నమస్తే. నేను భీమేష్‌ను మాట్లాడుతున్న. మీది ఎర్ర నేల అయితే ఒకటి నొక్కుండ్రి. నల్ల రేగడి అయితే రెండు నొక్కుండ్రి..."

ఒక్కొక్క ప్రశ్నా దాటి కొత్త కలుపు మందు దాకా వెళ్లాడు. 

"గీ కలుపు మందు సంగతి నాకు తెల్వదు. తెల్వనిది పంటకు కొట్టొద్దు. ముందుగాల ఒక్క సాలుకు కొట్టి సూడుండ్రి."

"గా మాట పెట్టినందుకే పురుషోత్తం సేట్ ఎల్లగొట్టిండు" అంది అనిల. "నేను గూడ ఆయనతోని కొట్లాడిన, తెల్వదంటే ఎవరు కొంటరని. తెల్వనప్పుడు తెల్వదనకపోతే పంట ఎవలిది పోతది అన్నడు."

ఆమె పెరట్లోకి తీసుకెళ్లింది. నాలుగు సాళ్ల మక్క. మూడు పచ్చగా ఉన్నాయి. ఒకటి మొదలంటా మాడిపోయి ఉంది.

"గా మందు కొట్టినంక మూడొద్దులు ఏం కాలే. తర్వాత ఒక్కపారే మాడింది. అగ్రికల్చర్ ఆఫీసుల చెప్పొస్తనని నిజామాబాద్ పోయిండు. సారు సీట్ల లేడన్నరట. వాపస్ వస్తుంటెనే..."

దేవీసింగ్‌కు ఇప్పుడు మొత్తం అర్థమైంది. వెర్డోరా ఒక్కమాట చెబితే రెండు మండలాల రైతులు ఒకే రోజు ఈ మందు కొడతారు. అడ్డు చెప్పగలిగిన ప్రోగ్రామ్ ఒక్కటే. దాన్ని తీసేయించారు, తయారుచేసినవాణ్ని చంపేశారు. పంట పోయాక దాన్ని ఎవరూ కుట్ర అనరు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లిందంటారు. కంపెనీ విచారం ప్రకటిస్తుంది.

జేబులో ఫోన్ అదిరింది. సునీల మెసేజ్. "రేపు పొద్దున. అందరికీ వాయిస్ కాల్."

"ఆయన గొంతు మీకియ్య. నేనే పట్టుకొస్త" అంది అనిల.

వెర్డోరా ఆఫీసు కామారెడ్డిలో ట్రాక్టర్ షోరూం మీద. పొద్దున్నే మున్సిపాలిటీ ఖాకీ చొక్కా, వీపున స్ప్రేయర్‌తో దేవీసింగ్ మెట్లెక్కాడు. వెనకే చీపురు పట్టుకుని అనిల. కొంగులో పెన్ డ్రైవ్.

"దోమల మందు. డెంగ్యూ సీజన్" అంది సునీల లోపల ఉన్నవాడితో ఇంగ్లిష్‌లో.

కార్ల్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, చేతిలో ఫోన్‌తో బాల్కనీలోకి వెళ్లాడు. పొడుగాటి మనిషి.

దేవీసింగ్ జామర్ స్విచ్ నొక్కాడు. ఆఫీసు కాల్స్ వెళ్లేది కేబుల్ లైన్ మీద, వాటికి అడ్డు లేదు. అనిల చీపురు పడేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద కాల్ సిద్ధంగా ఉంది. "కలుపు మందు ఈరోజే పిచికారీ చేయండి" అని చిలకపలుకుల తెలుగు. కింద క్షణాలు తరిగిపోతున్నాయి.

ఆమె ఆ ఫైలు తీసేసి తనది పెట్టింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది.

అనిల తలెత్తి చూసింది. సునీల కదల్లేదు.

"సునీలా!" అన్నాడు దేవీసింగ్.

ఆమె వంగి పాస్‌వర్డ్ కొట్టింది. ఒక అక్షరం తప్పు పడింది. మళ్లీ కొట్టింది.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. సిగ్నల్ పోయిన ఫోన్ ఒక చేతిలో, సైలెన్సర్ పిస్టల్ ఇంకో చేతిలో. కార్ల్ చూపు తెర మీద పడింది. పిస్టల్ అనిల వైపు తిరిగింది.

దేవీసింగ్ స్ప్రేయర్ గొట్టం ఎత్తి అతని కళ్లలోకి కొట్టాడు. గుండు అనిల భుజం పక్కనుంచి పోయి గోడలో దిగింది. దేవీసింగ్ ట్యాంకుతో సహా అతని మీద పడ్డాడు. పిస్టల్ బల్ల కిందికి జారింది.

"కొట్టు చెల్లె!"

తెర మీద చివరి క్షణం మిగిలి ఉండగా అనిల మీట నొక్కింది.

స్పీకర్లో భీమేష్ మాట్లాడాడు. "గీ కలుపు మందు సంగతి నాకు తెల్వదు. తెల్వనిది పంటకు కొట్టొద్దు..." గాంధారి తండాల్లో, ఎల్లారెడ్డి చేలలో వేల ఫోన్లు అదే మాట చెబుతున్నాయి. అనిల రెండు చేతుల్లో ముఖం దాచుకుని విన్నది.

చేతులు కట్టేశాక కార్ల్ నేల మీద కూర్చుని నవ్వాడు. ఎర్రబడ్డ కళ్లతో సునీలను చూపించి ఇంగ్లిష్‌లో అన్నాడు. "అతను ఏ రోజు, ఏ రోడ్డున వస్తాడో నాకు చెప్పింది ఎవరో అడగండి."

అనిలకు ఇంగ్లిష్ అర్థమైంది.

"బ్యాగు ఒక్కటే తీసుకుంటామన్నారు" అంది సునీల. కళ్లద్దాలు లేని ఆమె ముఖం పాలిపోయి ఉంది. "నిజంగా అంతే అన్నారు."

"మా ఇంటికి వచ్చినవు గదా" అంది అనిల నెమ్మదిగా. "ఆయన నీకు చాయ్ వోసిండు."

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో మూడు ముక్కలు చెప్పాడు. "కార్ల్‌ను చడీచప్పుడు లేకుండా పంపించేస్తాం, బదులుగా వాళ్ల దగ్గరున్న మనవాడు ఒకడు వస్తాడు. సునీల ఇంకా పనికొస్తుంది, ముట్టుకోవద్దు. భీమేష్‌ది రోడ్డు ప్రమాదమే."

"అనిలకు ఏం చెప్పమంటారు సర్?"

"అదే చెప్పు."

దేవీసింగ్ ఎల్లారెడ్డి వెళ్లాడు. మామూలుగా ఇలాంటివి ఫోన్‌లో తేల్చేస్తారు. అతనికి మనసొప్పలేదు. అనిల గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"కాయితంల ఆయన పేరు ఏడన్న ఉంటదా అన్నా?"

"ఉండదు చెల్లె."

"గా సునీలకు ఏం కాదు?"

 అనిల తలుపు వేసుకుంది. మూసిన తలుపు వెనక ఫోన్ మోగి ఆగడం వినిపించింది. ఇంకెవరో రైతు.

వేషం అనుమానం రాకుండా ముగించాలి కాబట్టి, వారం తర్వాత తిరుగు ప్రయాణంలో హరిచంద్ సేట్ కామారెడ్డిలో పురుషోత్తం దగ్గర సెలవు తీసుకోవడానికి ఆగాడు. దుకాణం ముందు పిల్లలకు పేడాలు పంచుతున్నారు. వెర్డోరా కంపెనీ ఒక కన్సల్టెంటును తొలగించామని పేపర్లో చిన్న ప్రకటన ఇచ్చి ఊరుకుంది. ఒక్క సాలుకు కొట్టి చూసినవాళ్ల మక్క మాడిపోవడంతో మందు అట్టపెట్టెలు వాపసు పోయాయి. పురుషోత్తం వెర్డోరా ఒప్పందం ఇంకో మూడేళ్లు పొడిగించుకున్నాడు.

"సూసినవా హరిచంద్ సేట్" అన్నాడు పేడా చేతిలో పెడుతూ, ముఖం వెలిగిపోతుండగా. "సమయానికి కొట్టొద్దని చెప్పి పంట నిలబెట్టింది. ఫారెనోళ్లు ఎంత హుషారు! ఎల్లారెడ్డి యాస గూడ నేర్పిండ్రు దానికి. అచ్చం మన భీమేష్ లెక్కనే మాట్లాడుతది."