పెద్దక్క ముఖం

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలకు కొదవుండదు. అయినా ఆమె ఏ అద్దంలోనూ తనని తాను చూసుకునేది కాదు. వచ్చినవాళ్ళకు ఫ్రేము పెట్టి, ముక్కు మీద సరిగ్గా కూచుందో లేదో చూసి, చెవి వెనక కాడని వేడిచేసి కాస్త వంచి, అద్దాన్ని వాళ్ళవైపు తిప్పేది. పనయ్యాక గుడ్డతో తుడిచి బోర్లా పెట్టేది.

ఒకప్పుడు ఆమె ముఖం తెలియని ఇల్లు లేదు. టీవీలో ఏళ్ళ తరబడి సాగిన సీరియల్లో పెద్దక్క ఆమే. ఆ కథలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరి గుండె పగిలినా పెద్దక్క వచ్చి మంచం పక్కన కూచునేది. దుప్పటి మెడదాకా కప్పి, "నేనొచ్చానుగా. ఇక కళ్ళు మూసుకో," అనేది. అంతే, ఇళ్ళల్లో కొంగులు తడిసేవి. తాతల వయసువాళ్ళు కూడా ఆమెని పెద్దక్కా అనే పిలిచేవారు. సొంత పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. ఆమె కూడా సగం మర్చిపోయింది.

సీరియల్ అయిపోయింది. పెద్దక్కని ఇంకో వేషంలో చూడ్డానికి ఎవరికీ మనసొప్పలేదు. పని లేదు, తాగుడు అంటుకుంది, మొగుడు తన దారి తను చూసుకున్నాడు. ఒక సాయంత్రం నడిరోడ్డు మీద తూలి పడిపోతే, లేపాల్సిన చేతులన్నీ ఫోన్లు పైకెత్తాయి. ఆ వీడియోని సీరియల్ కంటే ఎక్కువమంది చూశారు.

చివరికి చెల్లెలే వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. మందు మాన్పించింది, తన కళ్ళజోళ్ళ దుకాణంలో పని నేర్పింది. "ఇక్కడ నువ్వు లోకానికి అక్కవి కాదు. నాకు అక్కవి, అంతే," అంది. ఆ మాట ఆమెకి దుప్పటి కప్పినట్టు వెచ్చగా తగిలింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎవరైనా, "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందే," అంటే, "కళ్ళు పరీక్ష చేయించుకోండి, మాకు సగం అలా వచ్చిన బేరాలే," అని నవ్వేసేది.

బతుకు ముక్కాచెక్కా కూడుకుంటున్న రోజుల్లో ముక్కు నుంచి రక్తం మొదలైంది. ముక్కు వెనక, గొంతుకి పైన, కత్తి చేరని చోట గడ్డ. కేన్సర్. బాగా ముదిరిందనీ, అయినా చెయ్యి దాటిపోలేదనీ, రోజూ వచ్చి రేడియేషన్ పెట్టించుకోవాలనీ డాక్టరు మెత్తగానే చెప్పాడు. చెల్లెలు ఏడ్చింది. ఆమెకి ఏడుపు రాలేదు. అంతమంది కోసం కెమెరా ముందు ఏడ్చాక, తనకోసం చుక్క కూడా మిగల్లేదేమో.

రేడియేషన్ పెట్టేటప్పుడు తల వెంట్రుకవాసి కదలకూడదు. అందుకని ముందే ముఖానికి అచ్చు తీస్తారు. ఆస్పత్రి నేలమాళిగలో కిటికీల్లేని గది. ఫినాయిల్ వాసన, దాని అడుగున ఇంకేదో ఉడికిన వాసన. టెక్నీషియన్ నడివయసు మనిషి, మాట తక్కువ. కన్నాల ప్లాస్టిక్ పలకని వేడినీళ్ళలో మెత్తబెట్టి, నీళ్ళు కారుతుండగానే తెచ్చి ఆమె ముఖం మీద పరిచింది. నుదురు, ముక్కు, గడ్డం చుట్టూ వేళ్ళతో ఒత్తింది. కాసేపటికి పలక చల్లారి పెంకులా బిగిసింది. అప్పుడు ఊడదీసి పైకెత్తి చూపించింది.

తెల్లటి జల్లెడ ముఖం. అది ఇప్పటి తన ముఖం కాదు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. పెదవుల చివర జనమంతా ఎరిగిన ఆ చిరునవ్వు.

"మీరు నవ్వారా?" అంది టెక్నీషియన్.

"లేదు."

ఆ గదిలో ఒక గోడ నిండా కొక్కేలున్నాయి. వైద్యం నడుస్తున్న వాళ్ళ ముఖాలన్నీ వాటికి వేలాడుతున్నాయి. ఆమె ముఖాన్నీ వాటి మధ్య తగిలించింది.

ఇక రోజూ అదే పని. బల్ల మీద పడుకోవడం, ముఖం మీద ఆ అచ్చు మాస్కు పెట్టి బల్లకి బిగించడం, చేతిలో నొక్కుడు గంట పెట్టడం. మందపాటి తలుపు మూసుకుంటుంది. టెక్నీషియన్ బయట తెర ముందు కూచుంటుంది. లోపల ఆమె, చుట్టూ తిరిగే యంత్రం, దాని రొద. నోరు ఎండిపోయింది. అన్నం మింగితే నిప్పు మింగినట్టుండేది. ఒళ్ళు సగమైంది. బయట బెంచీ మీద ఆమెని ఎవరూ గుర్తుపట్టలేదు. ఒకరోజు ఎవరి తాలూకో ఒకావిడ తలుపు సందులోంచి గోడవైపు చూసి, "అదిగో, అది పెద్దక్క ముఖం కదూ!" అంది. పక్కనే నిలబడి ఉన్న ఆమెతో, "కాస్త జరగండమ్మా," అని ముందుకొచ్చి మరీ చూసింది.

పెద్దక్క ఇక్కడే వైద్యం చేయించుకుంటోందన్న కబురు ఆస్పత్రంతా పాకింది. బెంచీ మీది ఆ పొట్టిజుట్టు మనిషే ఆమె అని మెల్లగా అందరికీ తెలిసింది.

బెంచీ మీద రోజూ పక్కన కూచునే మనిషి రిటైరైన బస్సు కండక్టరు. గొంతు కేన్సర్. మాట గుసగుసలా వచ్చేది. ఇన్నేళ్ళు రైట్ రైట్ అని అరిచి గొంతు అరగదీసుకున్నానని నవ్వించేవాడు. వార్డులో ఉండేవాడు కాబట్టి వీల్‌చెయిర్‌లో తెచ్చేవారు. ఒక ఉదయం అతను ఆమెకి చేతులు జోడించాడు.

"నిన్న సాయంత్రం నా దగ్గర అంతసేపు కూచున్నారు. మీ రుణం ఎలా తీర్చుకోను అక్కా?"

నిన్న సాయంత్రం ఆమె దుకాణంలో ఉంది. మందుల మత్తులో ఏదో కలగన్నాడనుకుంది. కాదందామనుకుని అతని ముఖం చూసి ఆగిపోయింది. అంత ప్రేమగా ఎవరైనా తనవైపు చూసి ఎన్నేళ్ళయింది! "అయ్యో, దానికేముంది," అంది.

"దుప్పటి కప్పి, ఆ మాట కూడా అన్నారు. కళ్ళు మూసుకోమని." గుసగుస ఇంకా తగ్గింది. "నోరు పెగల్లేదు నాకు. మళ్ళీ వస్తానన్నారుగా. ఈసారి సరే అంటాను."

మర్నాడు బెంచీ ఖాళీగా ఉంది. కండక్టరు భార్య మెట్ల దగ్గర ఎదురై ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చివరిదాకా మీరు పక్కనే ఉన్నారన్న ధైర్యంతోనే నేను వరండాలో కాస్త నడుం వాల్చాను తల్లీ అంది. ఆయన, "సరే అక్కా," అనడం వినబడిందట. లేచి వెళ్ళేసరికి ఎవరూ లేరట.

ఆమె గొంతు కాలిపోయి ఉంది. మాట రాలేదు.

ఆ తర్వాత ఆడవాళ్ళ వార్డులో ఒక కుట్టుపనావిడ. ఆమెని ఈమె ఎప్పుడూ చూడనేలేదు. అయినా ఆవిడ కొడుకు వెతుక్కుంటూ వచ్చి, అమ్మ మీ చెయ్యి పట్టుకునే కన్నుమూసిందటండీ అని కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఆమె వెనక్కి తగ్గి గోడకి ఆనుకుపోయింది.

ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పింది. చెల్లెలు, పోయేముందు మనిషికి కావలసినవాళ్ళు కనబడతారంది. జనానికి నువ్వు కనబడటం కొత్తా అక్కా అని తేలిక చెయ్యబోయింది. కానీ ఆ పూట దుకాణం కట్టేసేటప్పుడు అద్దాలన్నీ తనే బోర్లా పెట్టింది.

ఇంకో సంగతి ఆమె చెల్లెలికి చెప్పలేదు. ఒళ్ళు తగ్గేకొద్దీ మాస్కు వదులవుతుంది. అందరికీ అంతే. ఆమె మాస్కు మాత్రం రోజురోజుకీ బిగుస్తోంది. టెక్నీషియన్ వేలు దూర్చి చూసి, సందు లేక, తల అడ్డంగా ఊపింది. "ఇలా ఎప్పుడూ చూడలేదండీ," అంది.

ఒక మధ్యాహ్నం... బల్ల మీద పడుకుంది. మాస్కు బిగించారు. తలుపు మూసుకుంది. యంత్రం రొద మొదలై, ఎందుకో మధ్యలో ఆగింది. అప్పుడప్పుడు అలా ఆగడం మామూలే.

నిశ్శబ్దం.

ఉడికిన ప్లాస్టిక్ వాసన. అచ్చు తీసిన రోజు వచ్చిన వాసనే, వేడివేడిగా.

కాళ్ళవైపు నుంచి అడుగుల చప్పుడు... మెల్లగా, తొందరేమీ లేనట్టు. చెప్పుల్లేని కాళ్ళు. తడి కాళ్ళు. టెక్నీషియన్ అనుకుంది. కానీ తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు తెరుచుకుంటే నేల అదురుతుంది.

అడుగులు తల దగ్గర ఆగాయి. ఆమె కళ్ళు తెరవబోయింది. మాస్కు రెప్పలని నొక్కి పట్టింది. బల్ల అంచు కొద్దిగా కుంగింది. ఎవరో కూచున్నారు.

కాళ్ళ మీది దుప్పటి కదిలింది. మోకాళ్ళ మీదుగా... పొట్ట మీదుగా... మెడదాకా వచ్చింది. చెవి పక్కన వెచ్చటి ఊపిరి.

"నేనొచ్చానుగా."

తన గొంతే. కాలిపోని గొంతు. వయసులో ఉన్నప్పటి గొంతు.

"ఇక కళ్ళు మూసుకో."

ఆమె భయపడింది నిజమే. కానీ ఆ భయం కంటే ఘోరమైనది ఇంకొకటి జరిగింది. ఆమెకి ఏడుపొచ్చింది. తను లోకానికంతా పంచిపెట్టిన ఆ మాటని తనతో ఎవరూ అనలేదు. ఎంత చల్లగా ఉందో ఆ మాట! నొప్పి లేదు, మంట లేదు... ఊఁ అంటే చాలు. పెదవులు కదిలాయి. కదలాలని చూశాయి. మాస్కు గడ్డాన్ని పైకి అదిమి ఉంది. నోరు తెరుచుకోలేదు.

చెవి పక్కన ఊపిరి ఎదురుచూస్తోంది.

చేతిలో గంట ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నొక్కింది. నొక్కుతూనే ఉంది.

టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి మాస్కు ఊడదీసింది. గదిలో ఇంకెవరూ లేరు. మైకులో అంతా వినబడిందండీ, మాట్లాడొద్దని చెప్పానా లేదా అని కాస్త కోపంగానే అంది. ఆమె తన గొంతు మీద చెయ్యి వేసుకుని, దాంట్లోంచి వచ్చే బొంగురు శబ్దం వినిపించింది. టెక్నీషియన్ ముఖం పాలిపోయింది. దుప్పటి ఆమె మెడదాకా కప్పి ఉంది. రెండు అంచులూ భుజాల కిందికి మడిచి ఉన్నాయి.

ఆ తర్వాత టెక్నీషియన్ ఆమెని ఒంటరిగా వదిలినప్పుడల్లా స్పీకర్లోంచి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. కూరల ధరలు, అత్తగారి మోకాళ్ళు, ఏదైనా సరే. వైద్యం ముగిసింది. కొన్ని వారాలకి మళ్ళీ స్కాన్ తీశారు. గడ్డ దాదాపు కరిగిపోయిందని డాక్టరు నవ్వాడు. ఎదురు చూడండి, కానీ ధైర్యంగా చూడండి అన్నాడు. చెల్లెలు మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఆమె కూడా ఏడ్చింది.

చెల్లెల్ని మందుల కౌంటరు దగ్గర నిలబెట్టి ఆమె నేలమాళిగకి దిగింది. ఒకే ఒక్క పని మిగిలింది. ఆ మాస్కుని తన కళ్ళ ముందు కత్తిరించి పారేయించాలి.

టెక్నీషియన్ ఆమెని చూసి తెల్లబోయింది.

"మళ్ళీ వచ్చారేంటండీ?"

గోడ మీద ఆమె కొక్కెం ఖాళీగా ఉంది.

"ఏదీ?" అంది ఆమె, వచ్చీరాని గొంతుతో.

"ఇందాక మీరే తీసుకున్నారుగా. తల నిండా కొంగు కప్పుకుని వచ్చారు. చేతికిచ్చాను." టెక్నీషియన్ మాట మధ్యలో తడబడింది. ఎదుట నిలబడ్డ మనిషి బట్టలని, పొట్టి జుట్టుని కిందికీ పైకీ చూసింది. "గొంతు బాగా వచ్చేసిందే అనుకున్నాను..."

"అప్పుడు నేను ఇంకేమైనా అడిగానా?"

టెక్నీషియన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పిల్లల వార్డు ఎటని అడిగారు."

ఆమె మెట్లెక్కింది. ఎలా ఎక్కిందో తెలియదు. ఊపిరి అందక రెండుసార్లు కూలబడి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని లేచింది. పై అంతస్తు చివర వెలుతురుగా ఉన్న పెద్ద గది. పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఒకడు బంతి విసురుతున్నాడు, ఇంకొకడు మందు తాగనని మొండికేస్తున్నాడు. కొంగు కప్పుకున్న మనిషి ఎక్కడా లేదు. ఆమె ప్రాణం కుదుటపడింది.

అప్పుడు చూసింది. గోడవార మంచం మీద గుండుతో ఒక చిన్న పాప, కదలకుండా పడుకుని ఉంది. గోడవైపు తిరిగి, కథ వింటున్నట్టు శ్రద్ధగా ఊ కొడుతోంది.

"ఊఁ... ఊఁ..."

ఆమె వెళ్ళి మంచం పక్కన కుర్చీలో కూచుంది. పాప చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "అమ్మలూ, ఇటు చూడు. ఇంక ఊ కొట్టకు," అంది.

పాప తల తిప్పి ఆమెని చూసింది. నవ్వింది. తర్వాత మెల్లగా, సెలైను గొట్టం తగలకుండా, ఆమెవైపుకి జరిగింది. అలా జరిగి, గోడవైపున ఇంకొకరు పడుకునేంత చోటిచ్చింది.