ఓడ మిద్దె దీపం

చిట్టమూరుకు తూర్పున, ఏరు సముద్రంలో కలిసే చోట ఓడ మిద్దె అని ఒకటుండేది. పొద్దుగూకాక అటు కుక్క కూడా పోదని మా ఊళ్లో మాట. మనుషులు లేని ఆ మిద్దె పైగదిలో రోజూ రాత్రి దీపం వెలిగేది మరి... చమురు ఎవరు పోస్తారో, ఒత్తి ఎవరు వేస్తారో తెలియదు. పడవవాళ్లయితే ఆ దీపం పేరెత్తితే చాలు, నోటి మీద వేలు వేసుకునేవాళ్లు. నరసయ్య తాత నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను, నమ్మితే నమ్మండి.

అరవై ఒకటో సంవత్సరం, కార్తీకం. మాల్యాద్రిది పుట్టుకతోనే కుంటికాలు, సముద్రం మీదికి ఎన్నడూ పోలేదు. ఇల్లిల్లూ తిరిగి పాత సామాను కొని మద్రాసులో అమ్మేవాడు. వందేళ్ల నాటి ఓడల పటాలంటే అక్కడ ఒక దొర ప్రాణం పెడతాడు— ఓడ యజమానులు తాళ్లతో సహా రంగుల్లో వేయించుకున్నవి, కింద పేరూ సంవత్సరమూ ఉన్నవి. అలాంటిది మిద్దెలో ఒకటుందని విన్నాడు. పగలు పోతే నలుగురూ చూస్తారు. ఆశ భయాన్ని మింగింది, చీకటి పడ్డాక పోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు... తెల్లచీర... మాల్యాద్రి గోడకు అతుక్కుపోయాడు.

"ఎవరు నాయనా?"

దెయ్యం కాదు— కామాక్షమ్మ, ఆ మిద్దె కట్టిన ఓడ యజమాని మనవరాలు. పక్కూరి నుంచి రోజూ దొడ్డిదారిన వచ్చి, తాత ఓడ పటం ముందు దీపం పెట్టి పోతుంది. ఏరు సముద్రంలో కలిసే మొగకు ఉత్తరాన, నీళ్ల కింద ఉన్న ఇసుకతిప్ప మీద ఆ ఓడ పగిలి, అందులోవాళ్లంతా పోయారట. ఊరు దెయ్యమనుకోవడం ఆమెకూ మంచిదే, దొంగలు రారు.

"మోకాళ్లు పోయినాయి, ఇంక మెట్లెక్కలేను," అంది గుసగుసగా. "పటం తీసుకపో. అమ్ముకుంటే అమ్ముకో. నీ ఇంట్లో ఉన్నన్నాళ్లు మాత్రం పొద్దుగూకితే దీపం పెట్టు."

పటం ఇల్లు చేరింది. మాల్యాద్రి ఉమ్మితో తడిపిన దూదితో మసి తుడిచాడు— తెరచాపలు, జెండా, 1864. భార్య పేరమ్మ మాట తప్పే మనిషి కాదు. పటం పక్కన, సముద్రం వైపు కిటికీలో పెద్ద ప్రమిద పెట్టింది. వాళ్ల ఇల్లు మిద్దెకు ఉత్తరంగా అరమైలు, ఇసుక దిబ్బ మీద ఉంది.

మూడో రాత్రి గాలి లేచింది. మాల్యాద్రి తమ్ముడు పోలేరయ్య, అప్పటికి కుర్రవాడైన నరసయ్యతో కలిసి, పటం ఇల్లు చేరకముందే పడవలో పోయి ఉన్నాడు. వెనక ఇంకో మూడు పడవలున్నాయి. ఒడ్డున నిలబడి చేసేదేముంది? పేరమ్మ మరిది కోసం ఓడ పటానికి మొక్కి, ఒత్తి లావు చేసింది. చమురు పోస్తూనే ఉంది.

అర్ధరాత్రి దాటాక అలల్లోంచి ఒక మనిషి పాక్కుంటూ వచ్చాడు. నరసయ్య.

"తమ్ముడేడీ?" అన్నాడు మాల్యాద్రి.

"తిప్ప మీద పడవ పగిలింది... పలక పట్టుకోని ఉండాడు." నరసయ్య చూపు కిటికీ మీద నిలిచిపోయింది. "అన్నా... అది మీ ఇల్లా? మేం మిద్దె దీపం అనుకున్నాం. దాన్ని చూసుకునే ఇన్నేళ్లూ మొగలోకి వస్తా ఉన్నాం. ఒడ్డున చెబితే ఆరిపోతాదని ఎవురం నోరెత్తలా..."

మాల్యాద్రి కుంటుకుంటూ ఇంట్లోకి పరిగెత్తాడు. దీపం ముందు ఆగిపోయాడు. ఆర్పితే— నీళ్లలో ఉన్న తమ్ముడికి ఒడ్డు ఏ వైపో తెలియదు. ఆర్పకపోతే— వెనక మూడు పడవలూ తిప్ప మీదికే వస్తాయి. చెయ్యి లేచింది... లేచినట్టే ఉండిపోయింది. పాపం, ఏం చేస్తాడు?

"ఇంకాస్త చమురు పొయ్యనా?" అని అడిగింది పేరమ్మ, ఏమీ తెలియక.

నరసయ్య తాత ప్రతిసారీ ఇక్కడికి వచ్చి కథ ఆపేస్తాడు. తర్వాత ఏమైందని ఒకసారి నేనే అడిగాను.

"మూడు పడవలూ లోతులోనే ఆగి, తెల్లారినాక వచ్చినాయి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "దీపం ఊదింది నేనే నాయనా. ఊదేటప్పటికి పోలేరయ్య నీళ్లలోంచి పిలుస్తానే ఉండాడు."